తమ్ముడి తాగుడు మాన్పించడానికి సాయం ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడికోసం | సోమవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదలు.

నా తమ్ముడికి తాగుడు ఎప్పట్నుంచో ఉంది. ఈ మధ్య పొద్దున లేవగానే మొదలవుతోంది. తాగకపోతే చేతులు వణుకుతాయి. నీళ్ల గ్లాసు కూడా ఒక చేత్తో పట్టుకోలేడు, రెండు చేతులతో పట్టుకుని తలే గ్లాసు దగ్గరికి వంచుతాడు. కాస్త పడితే వణుకు తగ్గుతుంది, మామూలు మనిషి అవుతాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఏమన్నా అడిగితే "నాకేం కాలేదక్కా, రేపట్నుంచి మానేస్తా" అంటాడు. ఆస్పత్రి మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

ఇంట్లో రెండు ఆలోచనలు నడుస్తున్నాయి. గదిలో పెట్టి తాళం వేసి వారం రోజులు చుక్క దొరక్కుండా చేద్దామని నాన్న. వాడికి తెలియకుండా తిండిలో కలిపే బిళ్ల ఏదో ఉందట, అది తెప్పిద్దామని మరిది. నాకు రెండూ భయంగానే ఉన్నాయి. తాగేవాడు తనంతట తాను ఒప్పుకుంటే తప్ప ఎవరూ ఏమీ చేయలేరని అందరూ అంటున్నారు. నిజంగా అంతేనా? అప్పటిదాకా చూస్తూ కూర్చోవాల్సిందేనా?

రాత్రిడ్యూటీ | సోమవారం, రాత్రి 11:35

అక్కా, నేను సైకియాట్రీ వార్డులో నర్సుని. ముందు ఆ తాళం సంగతి చెబుతాను. దయచేసి ఆ పని చేయకండి, నాన్నగారిని కూడా ఆపండి.

పొద్దున్నే వణుకు వచ్చి, తాగితే తగ్గుతోందంటే శరీరం మందు లేకుండా ఉండలేని స్థితికి వచ్చేసిందని అర్థం. అలాంటి మనిషి ఉన్నట్టుండి పూర్తిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆఖరిసారి తాగిన 6 గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. ఎక్కడున్నాడో తెలీదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు. ఒళ్లు కాలిపోతుంది, బీపీ పెరిగిపోతుంది. ఇది అందరికీ రాదు. వచ్చినవాళ్లకి వేళకి వైద్యం అందకపోతే చనిపోవచ్చు. "రెండు రోజులు ముట్టలేదమ్మా, బాగుపడ్డాడనుకున్నాం, మూడోరోజు రాత్రి పిచ్చి పట్టినట్టయ్యాడు" అంటూ పరిగెత్తుకొచ్చే కుటుంబాలను మా వార్డులో తరచూ చూస్తుంటాం.

ఆస్పత్రిలో దీన్ని కనిపెట్టుకుని ఉంటారు. క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్, లోరాజెపామ్ లాంటి మందులు మొదలుపెట్టి, రోజురోజుకీ డోసు తగ్గిస్తూ కొద్ది రోజుల్లో ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి లోరాజెపామ్ వైపు మొగ్గుతారు. వీటిని సొంతంగా కొని వేయకండి. మందు తాగి ఉన్న మనిషికి ఇవి పడితే ఊపిరి మందగిస్తుంది.

ఇంకో మాట. ఎక్కువకాలం తాగినవాళ్లలో థయమిన్, అంటే విటమిన్ బి1, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది పట్టించుకోకపోతే మెదడు దెబ్బతిని నడక తూలుతుంది, కళ్లు సరిగా తిరగవు, కొందరికి మతిమరుపు శాశ్వతంగా మిగిలిపోతుంది. అందుకే గ్లూకోజ్ ఎక్కించే ముందు గానీ దాంతోపాటు గానీ థయమిన్ ఇస్తారు. ఇంటికి ఎవరినో పిలిపించి సెలైన్ పెట్టించి సరిపెట్టుకుందామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పెద్దన్న | సోమవారం, రాత్రి 11:52

అమ్మా, ఇలాంటివాళ్లకి మంచి మాటలు పనిచేయవు. మా బంధువుని రాత్రికి రాత్రి వ్యాన్‌లో ఎక్కించి తాగుడు మాన్పించే సెంటర్‌లో చేర్పించాం. మూడు నెలలు బయటికి వదల్లేదు. ఏడిస్తే ఏడవనీ అనుకోవాలి.

మొదటివరుస | మంగళవారం, ఉదయం 6:10

పెద్దన్న గారూ, ఇప్పుడు ఆయన ఎలా ఉన్నారు?

పెద్దన్న | మంగళవారం, ఉదయం 7:25

బయటికొచ్చాక ఒక నెల బానే ఉన్నాడు. తర్వాత మళ్లీ మొదలెట్టాడు. మాతో మాట్లాడటం మానేశాడు.

మొదటివరుస | మంగళవారం, ఉదయం 8:40

అడిగింది దెప్పడానికి కాదండి. నేనూ తాగి మానినవాడినే, చాలా ఏళ్లయింది. నన్నూ ఒకసారి అలాగే తీసుకెళ్లారు. లోపల ఉన్నన్నాళ్లూ మానడం గురించి ఆలోచించలేదు, బయటపడ్డాక ఎవరి మీద కసి తీర్చుకోవాలా అనే ఆలోచించాను. గేటు లోపల ఎవరైనా మానేస్తారు, అక్కడ మందే ఉండదు కదా. అసలు కష్టం ఇంటికొచ్చిన రోజు సాయంత్రం మొదలవుతుంది. ఆ సాయంత్రం ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

మనిషికి స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, చచ్చిపోతానని అంటున్నా అప్పుడు ఇష్టాయిష్టాలు చూడకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. అది వేరు. మామూలు రోజుల్లో ఎత్తుకెళ్లి పడేయడం వేరు.

సెంటర్ చూసుకునేటప్పుడు కొన్ని ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా, పేరుకి బోర్డు మీదే ఉన్నారా? రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు? ఇంట్లోవాళ్లు వచ్చి కలవచ్చా, ఫోన్ చేయవచ్చా? డిశ్చార్జి అయ్యాక ఎన్నాళ్లు చూస్తారు? లైసెన్సు చూపిస్తారా? "వంద శాతం గ్యారంటీ" అన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. కొట్టడం, కట్టేయడం, మొదటి నెల కలవనివ్వకపోవడం వైద్యంలో భాగం కాదు.

తమ్ముడికోసం | మంగళవారం, ఉదయం 10:15

రాత్రి ఆ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. తాళం మాట మానేశారు. చాలా థాంక్స్.

మరి ఆ బిళ్ల? మరిది ఇంకా అదే పట్టుకుని ఉన్నాడు. "వాడికి తెలియకపోతే గొడవే ఉండదు కదా" అంటాడు.

రాత్రిడ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

పేరు తెలియకుండా అమ్మేదైతే అందులో ఏముందో ఎవరికీ తెలీదు, అది ఒక ప్రమాదం. అది డైసల్ఫిరామ్ అయితే ప్రమాదం ఇంకా స్పష్టం.

శరీరంలోకి వెళ్లిన ఆల్కహాల్ ముందు అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. ఆ విషాన్ని శరీరం వెంటనే విరిచేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ విరిచే పనిని అడ్డుకుంటుంది. దాంతో తాగిన కాసేపటికే మొహం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లకి ప్రాణాంతకం కావచ్చు. 1940ల చివర్లో డెన్మార్క్‌లో ఈ గుణాన్ని కనిపెట్టినప్పటి నుంచీ వాడుతూనే ఉన్నారు. మంచి మందే. కానీ వేసుకునే మనిషికి విషయం మొత్తం తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ఎదురుగా రోజూ వేసుకుంటేనే అది పనికొస్తుంది. ఆఖరి చుక్క తాగి కనీసం 12 గంటలు గడవాలి. ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. ఇదేమీ తెలియని మీ తమ్ముడు పొద్దున్నే వణుకు తగ్గడానికి తాగాడనుకోండి, ఏమవుతుందో ఊహించుకోండి. ఈ బిళ్ల తెలియకుండా ఇవ్వకూడదని డాక్టర్లందరూ గట్టిగా చెప్పేది అందుకే.

ఇంకా మందులున్నాయి. నాల్‌ట్రెక్సోన్ తాగాలన్న యావని, తాగితే వచ్చే హుషారుని తగ్గిస్తుంది. తాగినా డైసల్ఫిరామ్‌లా రియాక్షన్ రాదు. అయితే మార్ఫిన్, ట్రమడాల్ జాతి నొప్పి మందులు వాడుతున్నవాళ్లకి ఇవ్వకూడదు. అకాంప్రొసేట్ అని ఇంకొకటి, మానేశాక మళ్లీ మొదలవకుండా సాయపడుతుంది. అది కిడ్నీల ద్వారా బయటికి పోతుంది కాబట్టి ముందు కిడ్నీ పరీక్ష చూస్తారు. ఏది ఎవరికి అనేది డాక్టర్ తేల్చాలి. ఇలాంటి మందులున్నాయని తెలిస్తే కొంతమంది ఆస్పత్రికి రావడానికి మొగ్గుతారు. "నీలో పట్టుదల లేదు" అనే మాట పొద్దుటి నుంచి రాత్రి దాకా విని విసిగిపోయిన మనిషికి, ఇది వైద్యం ఉన్న జబ్బు అని వినడమే పెద్ద ఊరట.

ఒంటరికాదు | మంగళవారం, రాత్రి 9:05

అక్కా, మీరు మొదట అడిగిన ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. తను ఒప్పుకునేదాకా ఆగాలా అని కదా? ఆగక్కర్లేదు. నా భర్త ఆస్పత్రికి వెళ్లడానికి చాలాకాలం ముందే నేను సాయం వెతుక్కున్నాను. మా ఇంట్లో మార్పు అక్కడే మొదలైంది.

క్రాఫ్ట్ అనే పద్ధతి ఒకటుంది. రాబర్ట్ మేయర్స్ అనే సైకాలజిస్టు రూపొందించారు. తాగే మనిషిని కాకుండా ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి నేర్పిస్తారు. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో 130 మంది కుటుంబసభ్యులని మూడు రకాలుగా విడదీసి చూశారు. క్రాఫ్ట్ నేర్చుకున్నవాళ్ల ఇళ్లలో 64 శాతం మంది చికిత్సకి వచ్చారు. అందరూ కలిసి ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో 30 శాతం, తాగేవాళ్ల కుటుంబాల కోసం ఉన్న ఆల్-అనాన్ దారిలో 13 శాతం. ఆల్-అనాన్‌ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు, దాని ఉద్దేశం తాగేవాళ్లని చికిత్సకి తేవడం కాదు, మనల్ని నిలబెట్టడం. నేను ఇప్పటికీ వెళ్తాను. 1951 నుంచి ఉన్న సంఘం అది. తాగినవాళ్లు ఎవరూ ఉండరు, వాళ్ల ఇంట్లోవాళ్లే ఉంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను నోరు తెరవలేదు, ఎవరూ తెరవమనలేదు.

క్రాఫ్ట్‌లో నాకు పనికొచ్చినవి చెబుతాను. తాగి ఉన్నప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. తిట్టడం, ఏడవడం, ఒట్లు వేయించుకోవడం ఏదీ వద్దు. తాగని గంటల్ని మాత్రం వదులుకోకూడదు. ఆయన తాగకుండా ఇంటికొచ్చిన రోజు నేను పక్కన కూర్చుని మాట్లాడేదాన్ని, బయటికి నడకకి వెళ్లేవాళ్లం. తాగొచ్చిన రోజు గొడవపడకుండా పిల్లల్ని తీసుకుని వేరే గదిలోకి వెళ్లిపోయేదాన్ని. అంతకుముందు తిరగబడి ఉండేది. తాగొస్తే రెండు గంటలు నా దృష్టంతా ఆయన మీదే, తాగకపోతే "హమ్మయ్య" అనుకుని నా పనిలో నేను.

తాగుడు వల్ల జరిగేవాటికి అడ్డం పడటం కూడా మానేయాలి. ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరం అని చెప్పేది నేనే, అప్పులవాళ్లకి సర్దిచెప్పేది నేనే. అవి ఆపడం చాలా కష్టం, కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రాణానికి ప్రమాదం ఉన్నచోట మాత్రం తప్పకుండా అడ్డం పడాలి. తాగి బండి తాళాలు తీసుకుంటే లాగేసుకోవాల్సిందే. కొట్టే మనిషైతే ఈ పద్ధతులన్నీ పక్కన పెట్టి ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి.

తమ్ముడికోసం | మంగళవారం, రాత్రి 10:30

ఆఫీసుకి జ్వరమని ఫోన్ చేసేది ఇక్కడ మా అమ్మ.

తాగని గంట అంటున్నారు కదండీ, వాడికి అలాంటి గంటే లేదు. పొద్దున్నే మొదలు. ఎప్పుడు మాట్లాడాలి? ఏమని మొదలుపెట్టాలి?

మొదటివరుస | బుధవారం, ఉదయం 6:25

వణుకు తగ్గి, మత్తు ఎక్కని వేళ ఒకటి ఉంటుందమ్మా. పొద్దున మొదటి గ్లాసు తర్వాత కాసేపు. తాగేవాళ్లందరికీ ఆ వేళ తెలుసు. మనసులో సిగ్గు, భయం అప్పుడే పైకి తేలతాయి. నాతో మా అన్నయ్య మాట్లాడింది ఆ వేళలోనే. "నువ్వు తాగుబోతువి" అనలేదు. "నీ చేతులు చూస్తుంటే నాకు భయంగా ఉందిరా. ఒక్కసారి డాక్టర్‌కి చూపిద్దాం, మానడం గురించి కాదు, వణుకు గురించి" అన్నాడు. మానమంటే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. వణుకు గురించి అంటే కాదనలేకపోయాను, ఎందుకంటే దానికి అందరికంటే ఎక్కువ భయపడుతోంది నేనే.

అందరూ కలిసి చుట్టుముట్టకండి. ఒక్కరే మాట్లాడండి. వాడు మిమ్మల్నే "అక్కా" అని బతిమాలుతున్నాడంటే ఆ ఒక్కరూ మీరే కావచ్చు. ఒప్పుకున్న రోజే వెళ్లేలా ముందే ఏర్పాటు చేసుకోండి. "సరే" అన్న మనిషికి వచ్చే వారం అపాయింట్‌మెంట్ దొరికితే ఆ సరే కాస్తా పోతుంది.

రాత్రిడ్యూటీ | బుధవారం, ఉదయం 9:00

దీనికి నా ఓటు కూడా. మామూలు జనరల్ డాక్టర్ దగ్గర మొదలుపెట్టినా ఫరవాలేదు. ఎంత తాగుతున్నాడు, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా, నిద్ర మాత్రలేమైనా వాడుతున్నాడా, ఈ నాలుగూ కాగితం మీద రాసుకెళ్లండి. అప్పటిదాకా తనంతట తాను ఒక్కసారిగా ఆపేయొద్దని చెప్పండి. వినడానికి వింతగా ఉన్నా ఆ నాలుగైదు రోజులకి అదే క్షేమం.

హేతు | బుధవారం, మధ్యాహ్నం 1:10

నాది వేరే అనుభవం. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగ్‌కి వెళ్లాను కానీ దైవశక్తి మాటలు నాకు ఎక్కలేదు. అలాంటివాళ్లకి వేరే దారి లేదనుకోకండి. స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన సంస్థ ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే చికిత్స, పద్ధతుల మీద నడుస్తుంది, ఆన్‌లైన్ మీటింగులున్నాయి. అక్కడ నేర్చుకున్నదాంట్లో నాకు బాగా పనికొచ్చింది, యావ వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకుండా గడియారం చూస్తూ గమనించడం. పెరుగుతుంది, పతాక స్థాయికి వెళ్తుంది, తగ్గుతుంది. చాలాసార్లు అరగంట దాటదు. ఆ అరగంట ఎలా గడపాలో ముందే రాసిపెట్టుకోవాలి.

మొదటివరుస | బుధవారం, రాత్రి 8:45

హేతు గారూ, మీకు పనికొచ్చింది మీకు మంచిది. నాకు ఏఏ పనికొచ్చింది. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకర్, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. తాగాలనిపించినప్పుడు ఇంకో తాగుబోతుతో మాట్లాడితే ఆగగలుగుతున్నామని గమనించారు, అంతే. చేరడానికి ఫీజు లేదు, మానాలన్న కోరిక ఒక్కటే చాలు. దైవశక్తి విషయంలో ఎవరి అర్థం వాళ్లు తీసుకోవచ్చు, మా గ్రూపులో నాస్తికులూ ఉన్నారు. 2020లో, వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే కొక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో కూడా, ఏఏకి జనాన్ని పద్ధతి ప్రకారం చేర్చే చికిత్సలు పూర్తిగా మానేసి ఉండే విషయంలో మిగతా చికిత్సలకి తీసిపోలేదని, కొన్నిచోట్ల మెరుగ్గా ఉన్నాయని తేలింది.

ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపు చూడండి. మనుషుల్ని బట్టి వాతావరణం మారిపోతుంది. కానీ వణుకు దశలో ఉన్న మనిషిని నేరుగా మీటింగ్‌కి తీసుకురాకండి. ముందు డాక్టర్, తర్వాత మేము.

నీలిగీత | గురువారం, అర్ధరాత్రి 12:40

ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. నాది తాగుడు కాదు, ఆన్‌లైన్ బెట్టింగ్. ఫోన్‌లోనే. ఇంట్లో తెలీదు. అప్పు చాలా ఉంది. ఇవాళ కూడా ఆడాను. ఇంత చేశాక బతకడం ఎందుకనిపిస్తోంది.

రాత్రిడ్యూటీ | గురువారం, అర్ధరాత్రి 12:46

తమ్ముడూ, రాయొచ్చు. రాసి మంచిపని చేశావు. నేను ఆన్‌లైన్‌లోనే ఉన్నాను.

సూటిగా అడుగుతున్నాను, చచ్చిపోవాలనే ఆలోచన ఇప్పుడు ఉందా? ఎలా అని కూడా ఆలోచించావా? ఉంటే వెంటనే ఇంట్లో ఒకరిని లేపు. అప్పు సంగతి చెప్పక్కర్లేదు, "నాకు భయంగా ఉంది, పక్కన కూర్చో" అను చాలు. లేదంటే ఎమర్జెన్సీ నంబరుకో ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కో ఇప్పుడే ఫోన్ చెయ్యి. చేసి ఇక్కడ ఒక్క మాట రాయి.

నీలిగీత | గురువారం, అర్ధరాత్రి 1:20

అమ్మని లేపాను. పక్కనే ఉంది. హెల్ప్‌లైన్‌తో మాట్లాడాను.

ఒంటరికాదు | గురువారం, ఉదయం 7:15

నాన్నా, అమ్మని లేపావు చూడు, అది చాలా పెద్ద పని. ఇవాళ ఆ అప్పు సంగతి కూడా ఒక్కరికైనా చెప్పెయ్యి. జూదం మనిషిని చంపేది ఎక్కువగా ఆ రహస్యంతోనే.

హేతు | గురువారం, ఉదయం 9:30

జూదం వ్యసనం కూడా గుర్తింపు ఉన్న జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉంది, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. తాగుడులా ఫిట్స్ భయం లేదు కాబట్టి ఈ క్షణమే ఆపేయొచ్చు. యాప్‌లు తీసేయడం ఒక్కటే చాలదు, ఆ ఖాతాల్ని శాశ్వతంగా మూసేయమని అడుగు. ఫోన్‌లో బ్లాకర్ పెట్టించు, దాని పాస్‌వర్డ్ నీ దగ్గర వద్దు. జీతం, కార్డులు కొన్నాళ్లు అమ్మ చేతిలో ఉంచు. ఇంట్లోవాళ్లు అప్పు తీరుస్తామంటే డబ్బు నీ చేతికి రానివ్వకు, నేరుగా అప్పిచ్చినవాళ్లకే వెళ్లాలి. పోయింది తిరిగి తెచ్చుకుందామనే ఆశే నిన్ను మళ్లీ లాగుతుంది. జూదం మానాలనుకునేవాళ్ల సంఘం గ్యాంబ్లర్స్ అనానిమస్ 1957 నుంచి ఉంది, ఆన్‌లైన్‌లో కూడా కలుస్తారు.

మోడరేటర్ | గురువారం, ఉదయం 11:00

రెండు పోస్టులు తీసేశాను. ఒకటి ఫలానా సెంటర్‌లో చేరితే గ్యారంటీ అంటూ ఫోన్ నంబరు పెట్టింది, రెండోది బెట్టింగ్ అప్పు తీర్చడానికి లోన్ ఇస్తామన్నది. ఇలాంటి సందేశాలు మీ ఇన్‌బాక్స్‌కి వస్తే జవాబివ్వకుండా నాకు చెప్పండి. నీలిగీత గారూ, మీ కోసం వేరే చర్చ తెరిచాను, ఇక్కడివాళ్లు అక్కడికీ వస్తారు.

తమ్ముడికోసం | ఆదివారం, సాయంత్రం 6:30

శుక్రవారం పొద్దున మాట్లాడాను. వణుకు గురించే అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫిట్స్ వస్తాయేమోనని నాకూ భయంగా ఉందక్కా, ఒకసారి వచ్చింది, మీకు చెప్పలేదు" అన్నాడు. అదే రోజు తీసుకెళ్లాం. ఆ మాట వినగానే డాక్టర్ అడ్మిట్ చేసుకున్నారు. ఇవాళ్టికి వణుకు బాగా తగ్గింది, నిద్రపోతున్నాడు.

నర్సు గారూ, ఇంటికొచ్చాక మళ్లీ తాగితే ఏం చేయాలి? అమ్మ ఇప్పట్నుంచే అదే టెన్షన్.

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 9:15

ఆ ఫిట్స్ సంగతి బయటపడటం చాలా మంచిదైంది అక్కా. ఇంట్లో మాన్పించే ప్రయత్నం చేసి ఉంటే పెద్ద ప్రమాదమే.

మళ్లీ తాగే అవకాశం ఉంది, మొదటి మూడు నెలల్లో మరీ ఎక్కువ. తాగితే చేసిన వైద్యమంతా వృథా అయినట్టు కాదు. బీపీ మళ్లీ పెరిగితే మందు మార్చి చూస్తాం కదా, ఇదీ అంతే. డిశ్చార్జికి ముందే తమ్ముడిని కూర్చోబెట్టుకుని తనచేతే రాయించండి. ఏ వేళ, ఏ మనుషులతో ఉంటే తాగాలనిపిస్తుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాడు, ఒకవేళ తాగితే మర్నాడు ఎవరి దగ్గరికి వెళ్తాడు. తాగినరోజు దాచకుండా చెప్పగలిగితే చాలు, సగం పని అయినట్టే. వరసగా కొన్ని రోజులు తాగితే మాత్రం మళ్లీ ఇంట్లో ఆపించకండి, ఆస్పత్రికే రండి. డిశ్చార్జి కాగితం మీద తర్వాత రావాల్సిన తేదీ లేకపోతే అడిగి రాయించుకోండి.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఇంకో మాట. హెరాయిన్ లాంటి మత్తుమందులు మానినవాళ్లు మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు. మానిన రోజుల్లో శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అలాంటివాళ్లున్న ఇంట్లో ఆ మత్తుమందుల ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ అనే మందు గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

ఒంటరికాదు | ఆదివారం, రాత్రి 9:50

అక్కా, తమ్ముడి తేదీ రాయించుకున్నట్టే మీ తేదీ కూడా ఒకటి రాసుకోండి. ఈ వారం ఆన్‌లైన్‌లో కుటుంబాల మీటింగ్ ఉంది. కెమెరా ఆన్ చేయక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. అమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. వివరాలు మెసేజ్ చేస్తాను.

తమ్ముడికోసం | ఆదివారం, రాత్రి 10:05

పంపండి. ఇద్దరం వస్తాం.